పిడికెడు జొన్నలు

సాయంత్రం పొయ్యి ముట్టించే ముందు మా జేజి, అంటే మా నాయనమ్మ, ఒకే మాట అడిగేది. "తీసినారా?" అని.

ఏం తీసినారా అని ఎవరూ ఎదురు అడగరు. ఆ పూటకని చేటలో కొలిచిపెట్టిన జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న డాల్డా డబ్బాలో వేసినారా అని దాని అర్థం. వేసి ఉంటే సరే. మరిచిపోయి ఉంటే, జొన్నలు అప్పటికే విసురురాయి దగ్గరికి చేరినా సరే, జేజి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి పోయి ఒక పిడికెడు వెనక్కి తెచ్చేది. అది డబ్బాలో పడేవరకు మా ఇంట్లో రాయి తిరిగేది కాదు.

మాది కడప జిల్లా జమ్మలమడుగు. ఊరి పేరు చెబితే కొందరికి పెన్న ఒడ్డున నారాపురయ్య గుడి గుర్తొస్తుంది, ఇంకొందరికి లండన్ మిషన్ వాళ్లు పెట్టిపోయిన క్యాంబెల్ ఆసుపత్రి గుర్తొస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైందంటే, పాము కరిచిందంటే ఎద్దులబండి కట్టుకొని అక్కడికే వచ్చేవాళ్లు. మా జేజి ఆ ఆసుపత్రిలో ఆయా. నాయన బజారులో దర్జీ. అమ్మ కలుపు రోజుల్లో, కోత రోజుల్లో కూలికి పోయేది, మిగతా కాలంలో నాయన కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. తర్వాత నేను, మా చెల్లెలు. 1947 సెప్టెంబర్ 27న మిషన్ల క్రైస్తవ సంఘాలు కలిసి సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యాక ఇరవై నాలుగేళ్లకు పుట్టినవాణ్ని నేను. జేజికి మాత్రం మా గుడి చివరిదాకా లండన్ మిషన్ గుడే.

మన తెలుగు సంఘాల్లో దీన్ని పిడికెడు బియ్యం అంటారు. వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. వారమంతా పోగైంది ఆదివారం గుడికి తెస్తుంది. అంతే. దానికి రసీదు ఉండదు, పేరు చదవడం ఉండదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలంలో చేతిలో రూపాయి ఆడని పల్లె ఆడవాళ్లు ఇట్లాగే కానుక తెచ్చేవాళ్లని పెద్దయ్యాక చదివాను. మిజోరాంలో కూడా ఇదే అలవాటు ఉందని, అక్కడ 1910లో మొదలై ఇప్పటికీ నడుస్తోందని తెలిసినప్పుడు మనసుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ కొండల్లో కూడా ఎవరో ఒక జేజి "తీసినారా?" అని అడుగుతూనే ఉంటుంది కదా అనుకున్నాను.

బియ్యం అని పేరే గానీ మా ఇంట్లో అవి జొన్నలు. మా వైపు నల్లరేగడి నేలలు, వాన పడితేనే పంట. జొన్న, కొర్ర, శనగ, ధనియాలు, పత్తి. వరి కావాలంటే కేసీ కెనాల్ కింద ప్రొద్దుటూరు, చాపాడు వైపు చూడాల్సిందే. రోజూ జొన్న సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. వరి అన్నం ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట, అది కూడా ప్రతి ఆదివారం కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాకే మా వీధిలో వారం మధ్యలో అన్నం ఉడికిన వాసన వచ్చింది. అప్పటిదాకా గుడిలో మూడు గోనెసంచులు పెట్టేవాళ్లు. ఒకటి జొన్నలకు, ఒకటి కొర్రలకు, ఒకటి బియ్యానికి. బియ్యం సంచి ఎప్పుడూ సగం కూడా నిండేది కాదు.

ఆ డాల్డా డబ్బా ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పసుపు రంగు, మీద ఆకుపచ్చ ఈత చెట్టు బొమ్మ. పై రేకు కత్తితో కోసి తీసింది కాబట్టి అంచు పదునుగా ఉండేది, చెయ్యి తెగకుండా జేజి దానికి చుట్టూ పాత చీర పేలిక అతికించింది. మూత దానిది కాదు, ఏదో పగిలిన సత్తు గిన్నెది. సోమవారం మొదటి పిడికెడు వేస్తే ఖాళీ రేకు మీద జొన్నలు టపటపమని వాన చినుకుల్లాగా మోగేవి. బుధవారానికి ఆ చప్పుడు మెత్తబడేది. శనివారం వేస్తే అసలు వినిపించేది కాదు, జొన్నల మీద జొన్నలు పడడమే. ఏ వారం ఎంత పోగైందో మూత తీయకుండా చప్పుడును బట్టి చెప్పేది మా చెల్లెలు.

ఆదివారం ఆరాధనలో కానుకల పాట మొదలవగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ముందుకు పోయేవాళ్లు. కొందరి చేతిలో గుడ్డ సంచి, కొందరి చేతిలో చెంబు, కొందరికి కొంగులోనే మూట. నాపబండల నేల, చెప్పులు లేని కాళ్లు, వంగి సంచిలో పోసి, ఒక్క క్షణం కళ్లు మూసుకొని వెనక్కి వచ్చేవాళ్లు. ఎవరు ఎంత పోశారో పక్కనోళ్లు చూసేవాళ్లు కాదు. అది నేర్పితే వచ్చిందో, దానంతట అదే వచ్చిందో గానీ, ఆ సమయంలో అందరూ పాటల పుస్తకంలోకే చూసేవాళ్లు. చదువు రానివాళ్లు కూడా.

ముందే ఎందుకు తీయాలి, వండినాక పెడితే ఏమవుతుంది అని ఒకసారి జేజిని అడిగాను. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ఆమె చెప్పిన సంగతి అర్థం కావడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

మేం మాలలం. జేజి పుట్టిన పల్లెలో వాళ్లమ్మ ఒక పెద్దింట్లో పేడకళ్లు ఎత్తేది, కొట్టం ఊడ్చేది. పని అయిపోయాక తల్లీకూతుళ్లు ఇంటి వెనక, గోడ అవతల కూచునేవాళ్లు. లోపల అందరి భోజనాలూ అయ్యాక, పొద్దు వాలినాక, ఒకామె వచ్చి మిగిలిన సంగటో, నీళ్లు పోసిన అన్నమో వీళ్ల గిన్నెలోకి పైనుంచి వేసేది. చేతులు తగలకుండా. కొన్ని రోజులు ఏమీ మిగిలేది కాదు, అప్పుడు ఎవరూ బయటికి వచ్చి చెప్పేవాళ్లు కూడా కాదు. చీకటి పడినాక వీళ్లే లేచి వచ్చేసేవాళ్లు.

"వాళ్లు చెడ్డోళ్లని కాదు నాయనా," అంది జేజి. "పెట్టేటోళ్లే. కాకపోతే అందరూ తిన్నాక పెట్టేటోళ్లు. మిగిలింది తిని పెరిగినదాన్ని నేను. మిగిలింది ఇంకొకరికి పెట్టేదానికి నాకు చెయ్యి రాదు."

మా ఇంటి డబ్బా వెనక ఉన్న సంగతి ఇది. దేవునికి ఇవ్వడం, ఎదుటి మనిషికి ఇవ్వడం ఆమెకు వేరువేరు పనులు కావు. రెండూ మనం తినకముందే తీయాలి.

కరువు గురించి ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. 1876-78 నాటి ధాత కరువు కథలు వాళ్ల అవ్వ దగ్గర విన్నదట, ఊళ్లు ఊళ్లే ఖాళీ అయినాయని. ఆమె తన కళ్లతో చూసింది 1952 కరువు. గంజి కేంద్రం ముందు వరసలో మా నాయనను చంకనేసుకొని నిలబడిందంట. ఏడేళ్ల పిల్లోణ్ని చంకనేసుకోవడం ఎందుకని మేం నవ్వితే, "నడిచే సత్తువ యాడుండాది వానికి?" అనేది. మేం నవ్వడం ఆపేసేవాళ్లం.

ఇంక ఆసుపత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ జొన్నలు చాలావరకు అక్కడికే పోయేవి. గుడిలో పోగైన గింజల్లో కొంత అయ్యగారి, అంటే పాస్టరు గారి ఇంటికి, కొంత అమ్మి సంఘం ఖర్చులకు. మిగిలింది స్త్రీల మైత్రి అనే మా సంఘం ఆడవాళ్లు సోమవారం చిన్న చిన్న మూటలు కట్టేవాళ్లు. దూరం నుంచి రోగులతో వచ్చినవాళ్లు అప్పట్లో చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకొనేవాళ్లు. రెండు రోజుల్లో పోదామని వచ్చినవాళ్లు పది రోజులు ఉండాల్సి వస్తే తెచ్చుకున్న గింజలు అయిపోయేవి. అడగడానికి నోరు రాదు.

వాళ్లను కనిపెట్టడం మా జేజి పని. వార్డులో డ్యూటీ అయిపోయాక సాయంత్రం ఆ చెట్ల వైపు ఒక చుట్టు తిరిగేది, ఊరికే నడుస్తున్నట్టు. నన్ను వెంట తీసుకుపోయేది. మనుషుల మొహాల వైపు చూసేది కాదు. పొయ్యిల వైపు చూసేది. అన్నిటి మీదా పొగ లేస్తుంటే ఏ పొయ్యి మీద పొగ లేదో చూసేది. రాళ్ల మధ్య బూడిద తెల్లగా ఆరిపోయి ఉంటే అక్కడ ఆగేది.

ఆగి, నేరుగా ఇచ్చేది కాదు. "ఏ ఊరమ్మా మనది?" అని మొదలుపెట్టేది. ఎవరికి బాగాలేదు, ఏ మంచం, పిల్లోడు పాలు తాగుతున్నాడా. మాటల మధ్యలో కొంగు కింది మూట తీసి పక్కన పెట్టి, "ఈ జొన్నలు ఇంటికి మోసుకుపోలేకున్నా తల్లీ, మోకాళ్లు పీకుతుండాయి. నీ దగ్గర పెట్టుకో, వాడుకో," అనేది. తర్వాత తప్పకుండా ఏదో ఒకటి అడిగేది. "వక్కాకు ఉందా ఒక ముక్క?" లేదా "ఈ పిల్లోనికి కొంచెం నీళ్లు పోస్తావా?" ఆమె ఆకు చించి ఇచ్చాకే అక్కడి నుంచి కదిలేది.

"జేజీ, అబద్ధం చెప్పినావు కదా," అన్నాను ఒకరోజు దారిలో. "మోకాళ్లు నిజంగానే పీకుతుండాయిలే," అంది. కొంచెం దూరం పోయాక తనే మళ్లీ, "తీసుకునేటోళ్ల చేతిలో కూడా ఇచ్చేది ఏదో ఒకటి ఉండాల నాయనా. లేకుంటే రాత్రికి ఆ ముద్ద గొంతు దిగదు," అంది. కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట నేను ఆదివారం బడిలో కంఠతా పట్టాను. దాన్ని చేసి చూపించింది మాత్రం జేజి.

వండి తీసుకుపోకుండా గింజలే ఎందుకంటే, మా ఇంట్లో వండింది కొందరు ముట్టరు. జేజికి అది తెలుసు. దాని గురించి బాధపడేది కాదని అనను. కానీ ఎదుటి మనిషి ఆకలి మీద ఉన్నప్పుడు ఆ లెక్క తేల్చుకోవాలని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. "గింజకు కులం లేదులే," అని మూట కట్టేది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మూడో తరగతి ఎండాకాలం. పుల్ల ఐసు అమ్మేవాడు సైకిలు మీద వచ్చి చెక్కపెట్టె మూత టకటక కొట్టేవాడు. డబ్బులు లేకుంటే జొన్నలు తీసుకొనేవాడు, చింతగింజలు తీసుకొనేవాడు, పాత ఇనుము తీసుకొనేవాడు. ఇంట్లో ఎవరూ లేరు. గూట్లో డబ్బా ఉంది. సత్తు గ్లాసుతో మూడు గ్లాసులు ముంచాను. నారింజ రంగు ఐసు. సగం చెల్లెలికి ఇచ్చాను, చెప్పకూడదని ఒట్టు వేయించుకొని. నోరంతా రంగు. పెదాలు రుద్ది రుద్ది కడుక్కున్నాను.

ఆదివారం పొద్దున జేజి డబ్బా ఎత్తింది. ఎత్తగానే తెలిసిపోయింది ఆమెకు, చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. ఏమీ అనలేదు. "ఈ పొద్దు జొన్నలు నువ్వు పొయ్యి నాయనా," అని డబ్బా నా చేతికిచ్చింది.

కానుకల పాట మొదలైంది. ఆడవాళ్ల మధ్యలో నేనొక్కణ్నే పిల్లోణ్ని. సంచి ముందు వంగి డబ్బా వంచాను. జొన్నలు అట్లా పడ్డాయి, ఇట్లా అయిపోయాయి. ప్రతి వారం వినే చప్పుడు సగంలోనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం గుడి మొత్తానికీ వినిపించిందని నాకు అనిపించింది. చెవులు కాలిపోయాయి. తిరిగి వచ్చి జేజి పక్కన కూచుంటే ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, ప్రార్థన అయిపోయేదాకా.

సోమవారం సాయంత్రం చేట, డబ్బా రెండూ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంక ఈ పని నీదే." నేను పిడికెడు తీసి డబ్బాలో వేశాను. టపటపమని మోగింది. ఆమె నా చేతి వైపు చూసి, "నీ పిడికిలి చిన్నది కదా. రెండు తీయి," అంది.

ఆ రోజు నుంచి రెండు పిడికెళ్లు. ఎన్నేళ్లకో ఒక సాయంత్రం, "ఇంక ఒకటి చాలులే," అంది. పెద్దోణ్నయ్యానని నాకు అట్లా తెలిసింది.

రూతు కథ మా సంఘంలో కోతల కాలంలో చదివేవాళ్లు. అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చిన పరదేశపు విధవరాలు బోయజు పొలంలో పరిగె ఏరుకుంటుంది. పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె బీదవాళ్లకు వదలాలి అని ధర్మశాస్త్రంలోనే ఉంది కదా. బోయజు అంతటితో ఆగడు. ఆమె ఏరుకోవడానికని పనలోంచి పిడికెళ్లు కావాలనే జారవిడవమని, ఆమెను ఏమీ అనవద్దని పనివాళ్లకు చెబుతాడు. జేజికి చదువు రాదు, విని గుర్తు పెట్టుకోవడమే. ఆ వాక్యం చదివినప్పుడల్లా నన్ను మోచేత్తో పొడిచేది. "విన్నావా, పిడికెళ్లంట." వేల ఏళ్ల కింద ఆ పొలంలో తన డబ్బా సంగతే మాట్లాడుకున్నట్టు ఆమె మొహం వెలిగేది. నాకు బైబిల్లో ఈ రోజుకీ అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

సంక్రాంతి దాటాక మాకు కోతల పండుగ. గుడి అరుగు మీద గుమ్మడికాయలు, జొన్న కంకులు, పచ్చి శనగ చెట్ల కట్టలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు. ఆరాధన అయ్యాక వేలం. ఒక ఏడు పిడకలు అమ్ముకొని బతికే ఒక ముసలమ్మ కొంగులో దాచుకొని ఒక కోడిగుడ్డు తెచ్చింది. ఒకటే. సంఘపెద్ద దాన్ని రెండు వేళ్ల మధ్య పైకెత్తి పట్టుకొని, నవ్వకుండా, కోడికి పాడినంత గట్టిగానే పాట మొదలుపెట్టాడు. అర్ధరూపాయి, రూపాయి, మూడు రూపాయలు. కొన్నాయన డబ్బు కట్టి, "మళ్లీ పాడండి," అని గుడ్డు వెనక్కి ఇచ్చేశాడు. ఇంకొకరు కొన్నారు, వాళ్లూ వెనక్కి ఇచ్చారు. నాలుగోసారి మా నాయన పాడాడు, రెండు చొక్కాల కుట్టుకూలి. అమ్మ కళ్లు పెద్దవి చేసింది గానీ ఆపలేదు. అట్లా ఆ గుడ్డు నలభై రూపాయలు దాటింది. చివరగా కొన్నవాళ్లు దాన్ని తీసుకుపోయి ముసలమ్మ కొంగులోనే పెట్టారు. ఆమె ఏడ్చిందో నవ్విందో చెప్పడం కష్టం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయన మాటలు తక్కువ మనిషి. క్రిస్మస్ ముందు నెలంతా రాత్రి పన్నెండు దాకా మిషను తొక్కేవాడు. వీధిలో తండ్రి లేని పిల్లలు ఎవరున్నారో వాళ్ల బట్టలు ముందు కుట్టేవాడు, కూలి తీసుకొనేవాడు కాదు. మావి ఇరవై నాలుగో తేదీ రాత్రి, అందరివీ అయ్యాక. చాలా ఏళ్లు నా చొక్కాకు గుండీలు పండుగ పొద్దున్నే, గుడి గంట మోగుతుంటే అమ్మ వేసేది, నేను ఒంటి మీద తొడుక్కొని నిలబడి ఉండగానే. నాయన షాపు పక్కనే ఉన్న ఇంకో దర్జీ సాయిబు, ఆ నెలంతా నాయన కత్తిరించిన బట్ట తన మిషను మీద కుట్టి ఇచ్చేవాడు. రంజాన్ ముందు నాయన ఆయనకు కుట్టేవాడు. ఎవరు ఎన్ని కుట్టారో ఇద్దరూ ఎన్నడూ లెక్క చూసుకోలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వానలు లేవు. రైతుల దగ్గర డబ్బు లేకపోతే దర్జీకి పని ఎక్కడిది? అంగట్లో అప్పు పెరిగింది. ఒక సాయంత్రం చేట అడుగు కనిపించేటన్ని జొన్నలే ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ పిడికెడు తీశాను. అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "పెట్టేయ్. చేట్లోనే పెట్టేయ్."

తర్వాత జేజి వైపు తిరిగింది. "అత్తా, ఇవి అప్పు తెచ్చిన జొన్నలు. అప్పు చేసి ఇయ్యమని దేవుడు అడిగినాడా? ఈ పిల్లోళ్ల మొహాలు చూడు." అమ్మ గొంతు అట్లా లేవడం నేను అంతకుముందు వినలేదు.

బైబిల్లో సారెపతు విధవరాలి కథ ఉంది, కరువులో తొట్టిలో మిగిలింది పట్టెడు పిండి, దాంతోనే ముందు నాకు ఒక అప్పం చేసి తెమ్మంటాడు ఏలీయా ప్రవక్త, ఆమె ఇచ్చాక ఆ పిండి తరగదు. జేజి దాన్ని ఎత్తుతుందని అనుకున్నాను. ఎత్తలేదు. "నువ్వన్నది నిజమేలే పాపా," అంది, అంతే. నేను పిడికిలి విప్పి జొన్నలు చేటలో వదిలేశాను. ఆ రాత్రి డబ్బాలో ఏమీ పడలేదు. మర్నాడు కూడా.

మూడో రోజు జేజికి జ్వరం, అయినా డ్యూటీకి పోయింది. మధ్యాహ్నం అమ్మ సంగటి ముద్ద, చారు తీసుకొని ఆసుపత్రికి పోయింది. చీకటి పడే వేళకు వచ్చింది. వస్తూనే కాళ్లు కడుక్కొని, చేటలో జొన్నలు కొలిచి, నా ముందు పెట్టింది.

"తీసినావా?" అంది.

అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజు ఏం చూసిందో మాకు చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, నా పెళ్లయ్యాక, మా ఆవిడకు చెబుతుంటే విన్నాను. దూరం నుంచి వచ్చిన ఒకామె చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకొని ఆరిపోయిన పొయ్యి ముందు కూచుని ఉందట. పొయ్యి మీద గిన్నె ఉంది, మూత ఉంది. పక్కవాళ్లు చూస్తే వండుకుంటోందని అనుకోవాలని. లోపల నీళ్లు. ఆ చెట్టు పక్కగా పోతున్న అమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. జేజి కోసం తీసుకుపోయిన ముద్ద ఆమె దగ్గర పెట్టి, జేజిలాగే ఏదో అడగాలని చూసిందట గానీ, మాట రాలేదంట. వార్డులోకి పోయి "అత్తా, నీ సంగటి..." అనగానే జేజి, "నాకు ఆకలి లేదులే, జ్వరం నోరు," అందట.

జేజి 1994లో పోయింది. డబ్బా అప్పటికే అడుగు తుప్పు పట్టి జొన్నలు కారుతుంటే అమ్మ కింద అట్టముక్క పెట్టి వాడేది. తర్వాత అదీ నిలవలేదు. నాయన కూడా లేడిప్పుడు. నేను కడపలో ఉంటాను, చెల్లెలు కర్నూలులో. రమ్మంటే అమ్మ ఇద్దరి దగ్గరికీ రాదు, పది రోజులుండి గుడి గుర్తొస్తోందని వెళ్లిపోతుంది. ఒక్కతే కాబట్టి రోజుకు ఒక గ్లాసు బియ్యం వండుకుంటుంది. అందులోంచి పిడికెడు. ఇప్పుడది మూడు కిలోల ప్లాస్టిక్ డబ్బా. ఆసుపత్రి దగ్గర చెట్ల కింద పొయ్యిలు లేవు. ఆ బియ్యం ఇప్పుడు సంఘంలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు పోతాయి. వాళ్లలో ఇద్దరు అమ్మకంటే చిన్నవాళ్లు.

మొన్న జనవరిలో శనివారం రాత్రి పోయాను. తెల్లారి గుడికి బయలుదేరుతుంటే అమ్మ డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నిండుగా ఉంది. వీధిలో పిల్లోణ్ని ఎవరినైనా పిలుద్దామనుకున్నాను, నువ్వొచ్చినావు కదా అంది. యాభై దాటిన మనిషిని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, డబ్బా పొట్టకు ఆనించి పట్టుకొని నడుస్తున్నాను. అమ్మ వెనక నుంచి నా చేతుల వైపే చూస్తూ వస్తోంది.

"మూత ఒదులుగా ఉండాది నాయనా, వంచొద్దు," అంది.